పందెపు పలుకులు

పందెముల పరిభాషను బాలురకు విప్పి చెప్పరాదని కొందఱు పెద్దలు వాదించుచున్నారు. చెడుగు పేరెత్తుటయే దానికి దారి చూపుట యని వారి భయము. ఆ భయమును మేము తృణీకరింపము. కాని తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను ఆన్‌లైను జూదమును నిషేధించిరి; 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి శాసనము చేసినది; అయినను క్రికెట్టు జరుగు సాయంకాలమున నీ మాటలు బాలుర నోళ్లలో నాడుచునే యున్నవి. మాట వచ్చి యర్థము రాకుండుట కంటె నపాయ మేమున్నది?

"ఆడ్స్" అను మాటను ముందు చూతము. గుఱ్ఱపు పందెములలో "నాలుగుకొకటి" యనగా, రూపాయి యొడ్డి గెలిచినవానికి తన రూపాయి గాక నాలుగు వచ్చునని యర్థము. దానినిబట్టి యా గుఱ్ఱము గెలుచు పాలు ఐదింట నొకటి. దీనిని జోస్యమని జనులు భ్రమపడుదురు. ఇది ధర, అంగడివాడు తన లాభమును కలిపి చెప్పిన ధర. పరుగెత్తు గుఱ్ఱములన్నిటి పాళ్లను ఇట్లు కూడి చూచినచో నూటికి నూఱు కావలసినది నూటిని మించియుండును. ఆ మించిన భాగమే బుకీ భుక్తి.

సమబలముగల రెండు జట్లకును 1.90 చొప్పున ధర కట్టిరనుకొందము. ఈ పద్ధతిలో ఒడ్డిన మొదలు కూడ ధరలోనే చేరియుండును. ఇద్దఱు చెఱియొక జట్టుపై తలకు నూఱు రూపాయలొడ్డిరి. వచ్చినది 200, గెలిచినవాని కిచ్చునది 190. ఆట యెట్లు ముగిసినను ఆ పదిరూపాయలు కదలవు.

క్రికెట్టు పందెములలో "లగాయీ", "ఖాయీ" యను హిందీ మాటలు వినబడుచుండును. ఎక్కువమంది గెలుచునని తలచు జట్టు ఫేవరెట్టు. దానిపై నొడ్డుట లగాయీ, దానికి ప్రతికూలముగ నొడ్డుట ఖాయీ. రేటు "40–42 పైసలు" అన్నచో, ఫేవరెట్టుపై నూఱొడ్డినవానికి గెలుపు 40. ప్రతికూలుడు 42 ఒడ్డి నూఱు గోరును. ఇరువురును ఒకే బుకీని చేరిరేని, ఫేవరెట్టు గెలిచిన వానికి రెండు రూపాయలు మిగులును; ఓడినచో ఒకని నూఱు మఱియొకనికి పోవును గాని, వానికి చిల్లిగవ్వ నష్టము లేదు. ఖానా యనగా తినుట. తినుట యను పేరు ఒకనికిఁ బెట్టి తినుచున్నవాడు వేఱొకడు!

జూదము మనకు క్రొత్త గాదు. ఋగ్వేదము పదవ మండలమున 34వ సూక్తము జూదరి విలాపమే. సంస్కృతమున నొడ్డిన సొమ్మును "పణము" అందురు. నాణెమునకును అదియే పేరు. ధర్మరాజు పణముగ నుంచినది రాజ్యము, తమ్ములు, తాను, తుదకు ద్రౌపది. ఆ మాటలో పోవు వస్తువు కన్నులకు గట్టును. మన "ఒడ్డుట"యు నంతే. నేడు "ఫ్రీ బెట్టు" అనుచున్నారు, ఒడ్డునది యేమియు లేదన్నట్లు! నూఱు రూపాయల ఫ్రీ బెట్టు 1.90 ధరపై గెలిచినచో సాధారణముగ 190 రాదు, 90 మాత్రమే వచ్చును. ఆ నూఱు ఎన్నడును ఆటగానిది కాలేదు. ఈ మాటలోని కపటము మాకు జూదము కంటె నెక్కువ రోత పుట్టించుచున్నది.

గుఱ్ఱపు పందెము నైపుణ్యముపై నాధారపడినదని సుప్రీముకోర్టు 1996లో తీర్పు చెప్పిన మాట నిజమే. నేర్పరి గుఱ్ఱము నెఱుగవచ్చును; ధరలో చేర్చిన లాభమును దాటినగాని యాతని నేర్పునకు ఫలము లేదు. శాతములు నేర్పు పంతులు, వర్తకుడు బట్టలు కొని యమ్మిన లెక్కల ప్రక్కన దీనిని గూడ నల్లబల్లపై వేయవచ్చును: 1.90 ధరకు ఇరువదిసార్లు నూఱేసి యొడ్డి, సరిగా సగము సార్లు గెలిచినవాని చేత నేమి మిగిలెను? వంద రూపాయలు తక్కువ యని బాలురే చెప్పుదురు.