కడుగని ఫిలిము



మనము చేసిన మేలును ఎవరును చూడనియెడల అది చేయనిదానితో సమానమా? ఒక చిన్న కెమెరా కథ ఈ ప్రశ్నను మన యెదుట పెట్టుచున్నది.

1924వ సంవత్సరము జూను 4వ తేదీన ఎవరెస్టు కొండమీద ఇద్దరు ఎక్కుచుండిరి. ఒకడు నార్టన్, రెండవవాడు సోమర్‌వెల్ అను వైద్యుడు. సుమారు 28,000 అడుగుల ఎత్తున ఆ చలికి వైద్యుని గొంతు చెడి, ఊపిరి ఆడక, అడుగు ముందుకు పడలేదు. స్నేహితుని సాగిపొమ్మని తాను అక్కడనే ఆగి, వెళ్లుచున్న అతనిని ఫొటో తీసెను. ఆ చిత్రము నేటికిని ఉన్నది. అందులో నార్టన్ కనబడును, తీసినవాడు కనబడడు.

దిగివచ్చిన తరువాత, మరల ఎక్కుటకు సిద్ధపడుచున్న మల్లొరీకి సోమర్‌వెల్ తన చిన్న కోడాక్ కెమెరాను ఎరువుగా ఇచ్చెను. జూను 8న మల్లొరీయు, ఇర్విన్ అను యౌవనస్థుడును పైకి పోవుచుండగా క్రిందనుండి ఓడెల్ చూచెను. అంతలో మబ్బు కమ్మెను. వారు తిరిగి రాలేదు. 1999లో మల్లొరీ దేహము దొరికెను. 2024లో ఇర్విన్ పాదము బూటుతోకూడ మంచులో దొరికెను. కెమెరా మాత్రము రెండుమార్లును దొరకలేదు.

వారు శిఖరము చేరిరా? ఫిలిముమీద వెలుగు పడిన క్షణముననే ముద్ర పడును, గాని కంటికి కనబడదు. చీకటిగదిలో మందునీళ్లతో కడిగినప్పుడే బొమ్మ తేలును. కడుగలేదు గనుక ముద్రయే లేదందుమా? వారు చేరియుండినయెడల చేరినట్లే, చేరనియెడల చేరనట్లే. బొమ్మ దొరకినను జరిగినది మారదు.

అయితే సాక్ష్యము అక్కరలేదా అని మీరడుగవచ్చును. అక్కరయే. సంఘపు కానుకలకు లెక్క వ్రాయవలెను. ఋజువు అడుగుట న్యాయమే. గాని ఋజువు ఇతరులు నమ్ముటకే; మన సంతోషమును దానిమీద కట్టుకొనరాదు.

మన ఊళ్లనే చూడుడి. మందిరమునకు ఫ్యాను ఇచ్చి, దాని రెక్కలమీద పేరు వ్రాయింతుము. బీద విధవరాలికి దుప్పటి ఇచ్చుచు, ఫోను ఎవరు పట్టుకొనిరని చూతుము. ఆమె తల వంచుకొని నిలుచును. ఆ ఫొటో ఎవరి కొరకు? ఆమె చలికొరకా, మన పేరుకొరకా?

సోమర్‌వెల్ 1922లో మొదటిసారి ఎవరెస్టునకు వెళ్లిన పిమ్మట, నేడు కన్యాకుమారి జిల్లాలోనున్న నెయ్యూరు మిషను ఆసుపత్రిని చూచెను. వైద్యునికొరకు కాచుకొనియున్న రోగులను చూచి, తన బ్రతుకును అక్కడనే ధారపోయ నిశ్చయించుకొనెను. ఎవరెస్టు కీర్తి చల్లారిన తరువాతను ఎన్నో ఏండ్లు కడుపు పుండ్లతో బాధపడువారికి శస్త్రచికిత్సలు చేసెను. నొప్పి తీరి ఇంటికి నడిచిపోయిన వారిలో ఎందరికి ఫొటో ఉండును? అయినను వారు నడిచిపోయిరి.

ప్రియులారా, మనము చాటున చేసిన మేలును, చాటున చేసిన కీడును ఒకే ఫిలిముమీద పడుచున్నవి. దానిని కడుగువాడు దేవుడు. కాబట్టి ఈ వారము ఒక మేలు చేసి, ఎవరికిని చెప్పకుండుడి. అప్పుడును మీ హృదయము సంతోషించినయెడల, మీరు మేలునే ప్రేమించుచున్నారని తెలిసికొందురు.