వారసత్వమునకు లింగభేదమేల, మతభేదమేల?

గణపతిదేవునకు పుత్రులు లేరు. అందుచే కుమార్తె రుద్రమ 1262 ప్రాంతమున కాకతీయ సింహాసనము నధిష్ఠించెను. పాలించినది ఆమెయే, పెక్కు శాసనములలో పేరు మాత్రము రుద్రదేవ మహారాజు! స్త్రీపాలనకు తలయొగ్గిన లోకము స్త్రీనామమునకు వెరచినది.

బ్రిటన్ 2013 నాటి చట్టముతో రాజకుమార్తెకు తమ్ముని వెనుక నిలుచు అవస్థను తప్పించినది. కాథలిక్కును పెండ్లాడుటకును సమ్మతించినది. తానే కాథలిక్కైనచో మాత్రము సింహాసనము లేదు. రాజు ఆంగ్ల మతసంస్థకు అధిపతి గదా యందురు. ఆ ఆధిపత్యమును వేరుచేయవలెను గాని, విశ్వాసమును బట్టి వారసుని త్రోయనేల?

మన నంద్యాల, ఆళ్లగడ్డ పొలములకును ఇట్టి ప్రశ్నయే కలదు. 1986లో రాష్ట్రమును, 2005లో కేంద్రమును చట్టమును సవరించి కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో భాగ మొసగినవి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టమందలి 26వ సెక్షను మాత్రము, మతము మారినవారికి పిదప జన్మించిన బిడ్డలను, తాము హిందువులు కానిచో, హిందూ బంధువుల ఆస్తికి దూరము చేయుచున్నది. తాత పొలము గట్టున నిలిచిన ఆ బిడ్డ చేసిన నేరమేమి?