గారపళ్ళ నవ్వు

మర్రిగూడ వైపు పిల్ల పెళ్ళయి అమెరికా వెళ్ళిందనుకోండి. అక్కడి పళ్ళ డాక్టరు ఆమె పళ్ళ మీది గోధుమరంగు గార చూసి, "రోజూ పళ్ళు తోముకుంటారా?" అని అడిగితే ఎలా ఉంటుంది? తల కొట్టేసినట్లు ఉండదూ!

తోమితే పోయే గార కాదే అది! చిన్నతనంలో, పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతుండగానే బావినీళ్ళలోని ఫ్లోరైడ్ వేసిన ముద్ర. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నల్గొండ బావులకి ఆ లెక్క తెలుసా పాపం!

విచిత్రమేమిటంటే, ఈ మచ్చలు అమెరికాకీ కొత్త కాదు. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే డాక్టరు అక్కడివాళ్ళ పళ్ళ మీద ఇవే చూశాడు. కారణం 1931లో గాని తేలలేదు. ఆ ఫ్లోరైడే కొద్దిగా ఉంటే పళ్ళు పుచ్చవని 1945 నుంచి అక్కడ ఊళ్ళ నీళ్ళలో కలపసాగారు. మనవాళ్ళేమో పటికా, సున్నమూ వేసి దాన్ని తీసెయ్యడానికి తంటాలు పడ్డారు. ఆ పద్ధతి పేరే "నల్గొండ టెక్నిక్".

మరి సిగ్గెవరికి? తాగిన పిల్లకా, తాగించిన తల్లికా? వేరే నీళ్ళుంటే ఏ తల్లి పోయదు? కారణం తెలిశాక కూడా దశాబ్దాల తరబడి మంచినీళ్ళు అందించని పెద్దలది కాదూ ఆ సిగ్గు! ఆ నీళ్ళకే ఎముకలు వంగిపోయినవాళ్ళు ఆ ఊళ్ళలోనే ఉన్నారు.

అందుకే ఆ పిల్ల తల దించుకోకుండా, "మా ఊరి బావినీళ్ళండీ" అని చెప్పాలి. ఆ తర్వాత పళ్ళకి తెల్లని తొడుగు వేయించుకుంటానంటే మాత్రం కాదనేదెవరు?