కరిగించే ముందు ఓసారి తిప్పి చూడమ్మా

అమ్మడూ, మీ నాయనమ్మ కాసుల పేరు మార్పిడికిచ్చి కొత్త హారం తీసుకుంటానన్నావట. తీసుకో తల్లీ, నీ వస్తువు నీ ఇష్టం. పెదనాన్న మాట ఒక్కటి విను. కరిగించడానికి ఇచ్చేలోగా ప్రతి కాసునూ వెనక్కి తిప్పి, గుర్రం కాళ్ల కింద చూడు.

లక్ష్మీకాసులైతే ఇంత చెప్పేవాణ్ణి కాదు. మీ నాయనమ్మవి అసలు సవరన్లు, అంటే బ్రిటిష్ వాళ్ల బంగారు నాణేలు. ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు గుర్రమెక్కి డ్రాగన్‌ని చంపుతున్న సెయింట్ జార్జ్. గుర్రం నిలబడ్డ నేల మీద, సంవత్సరానికి సరిగ్గా పైన, ఆవగింజలో సగమంత అక్షరం ఉంటే ఉంటుంది. మామూలు కంటికి ఆనదు, భూతద్దం కావాల్సిందే. ఏమీ లేకపోతే లండన్ టంకశాలది. ఎస్ ఉంటే సిడ్నీ, పి ఉంటే పెర్త్, సి కెనడాలోని ఒట్టావా, ఎస్ఏ దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా. ఎమ్ కనబడగానే మద్రాసని సంబరపడకు, అది మెల్‌బోర్న్. కింద కుడివైపున బి.పి. అని మరీ సన్నగా ఉంటుంది. అదీ బొంబాయి కాదమ్మా, ఆ బొమ్మ చెక్కిన ఇటలీ శిల్పి పిస్ట్రూచి పొడి అక్షరాలు. బొంబాయి గుర్తు ఐ, అంటే ఇండియా. మొదటి ప్రపంచ యుద్ధం నాడు, 1918లో ఒక్క ఏడాదే అక్కడ సవరన్లు కొట్టారు, సుమారు 13 లక్షలు. 2013లో మొదలుపెట్టి ఎంఎంటీసీ-పాంప్ కంపెనీవాళ్లు హర్యానాలో కొట్టినవాటి మీదా ఐ ఉంటుంది గానీ, సంవత్సరం చూస్తే తికమక ఉండదు.

పడుచు విక్టోరియా రాణి బొమ్మ ఉన్నవైతే అక్షరం రాణి మెడ కింద వెతుకు. వెనక డాలు ఉంటే, దాని చుట్టూ ఉన్న ఆకుల దండ కింద.

బంగారం లెక్కకొస్తే అన్నీ ఒకటే: 22 క్యారెట్లు, దాదాపు 7.99 గ్రాములు. షాపువాడు తూకానికే కడతాడు, పైగా తరుగంటాడు. అక్షరమూ సంవత్సరమూ కలిపి చూసి ధర చెప్పేది నాణేలు సేకరించేవాళ్లు. 1916 నాటి ఒట్టావా సవరను దొరకడం మహా కష్టం. బొంబాయిది అంత అపురూపమేం కాదు, అయినా నేనైతే కరగనివ్వను.

ఆశ మరీ పెంచుకోకు. పేరులో గుచ్చడానికి కొక్కెం అతికిన కాసుకి సేకరించేవాళ్ల దగ్గర విలువ బాగా తగ్గుతుంది. మెరుగు కోసం రుద్దితే ఇంకా తగ్గుతుంది, కాబట్టి కుంకుడు రసమూ బ్రష్షూ పక్కన పెట్టు. అక్షరం కనబడినంత మాత్రాన అసలుదనీ అనుకోవద్దు. సరైన బంగారంతోనే దొంగ సవరన్లు కొట్టినవాళ్లున్నారు లోకంలో. వాటిలో గీతలు మొద్దుబారి ఉంటాయి, అసలుదాని పక్కన పెడితే తెలుస్తుంది.

కన్ను అలవాటు పడాలంటే ముందు పర్సులో రూపాయి బిళ్లలు చూడు. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, వజ్రం గుర్తు ముంబై, చుక్క నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా.

అక్షరం ఉన్న కాసులు విడిగా తీసి దాచు. వాటిని నాణేలు తెలిసినవాళ్లకి చూపించాకే ఏదైనా. మిగతావాటి సంవత్సరాలు కూడా వాళ్లకే చెప్పి, సరేనంటే నిశ్చింతగా మార్చుకో.