నిరీక్షణము – శరణాగతి

మానవుని మనస్సునకు నిరీక్షణమును మించిన పరీక్ష లేదు. పని చేయుచున్నంతవరకు మనస్సు పనియందు లగ్నమై యుండును. పని ముగిసి, ఫలము చేతికందని నడిమి కాలముననే అది కట్టు తెంచుకొన్న కోడెవలె పరుగులిడును. విత్తనము చల్లిన రైతు మేఘమునకై, పరదేశమేగిన కుమారుని జాబునకై తల్లి, పరీక్ష వ్రాసిన బాలుడు ఫలితమునకై వాకిటివైపు చూచుచునే యుందురు. ఆ చూపు ఎచ్చట నిలువవలెనో తెలిసినవానికి నిరీక్షణమే తపస్సగును. తెలియనివానికి అదియే జ్వరమగును.

అమెరికా దేశమున నివసించు తెలుగు గృహములలో ఇట్టి నిరీక్షణమొకటి ఏటేట ధనుర్మాసము ప్రవేశించు దినములలో కానవచ్చుచున్నది. అచ్చటి ప్రసిద్ధ విశ్వవిద్యాలయములు పెక్కు, ఉన్నత పాఠశాలలో చివరి తరగతి చదువు బాలబాలికల నుండి సాధారణపు గడువుకంటె ముందుగా, నవంబరు 1వ తేదీ ప్రాంతమున, దరఖాస్తులను గైకొని, డిసెంబరు మధ్యభాగమున తమ నిర్ణయమును తెలుపును. ఇందు ఒక తెగలో చోటు లభించినను విద్యార్థికి వేరొకచోట చేరు స్వేచ్ఛ యుండును. మరియొక తెగలో విద్యార్థి ఒక్క విద్యాలయమునే వరించి, అచ్చట చోటు దొరకినచో తక్కిన దరఖాస్తులన్నిటిని ఉపసంహరించుకొందునని మాట యీయవలెను. నిర్ణయములు మూడు విధములు: చేర్చుకొంటిమనుట, చేర్చుకొనలేమనుట, వసంతకాలపు విచారణకు వాయిదా వేయుట. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు 2023లో ఇట్లు ముందుగా దరఖాస్తు పెట్టినవారు 7,921 మంది కాగా, డిసెంబరులో చోటు లభించినది 692 మందికి. 2024 వసంతమున ఎంపికలన్నియు ముగియునప్పటికి మొత్తము 54,008 మందిలో ఎన్నికైనవారు 1,937 మంది. అనగా నూటికి నలుగురైనను లేరు.

నిర్ణయము వెలువడు దినమున ఆ యింట ఎవరికిని అన్నము సహింపదు. తల్లి దీపము వెలిగించి మ్రొక్కులు మ్రొక్కుచుండును. తండ్రి గడియారమును చూచుచుండును. అమెరికా తూర్పుతీరమున సాయంకాలము 7 గంటలైనపుడు ఆంధ్రదేశమున మరునాటి వేకువ 5:30 గంటలగును. ఇచ్చట తాతయు నాయనమ్మయు ఆ చలిలోనే స్నానమాచరించి పెరుమాళ్ళ సన్నిధిని కూర్చుండి, ఒక చెవిని ఫోనువైపు ఉంచుకొని యుందురు. ఆ బిడ్డ మాత్రము ఎవరితోడను మాటాడక గదిలో నుండును. ఆ భయమున రెండు పాళ్ళు గలవు. విద్యాలయము కాదనునేమో యనునది ఒక పాలు. కాదన్నచో తల్లిదండ్రుల ముఖము ఎట్లుండునో యనునది రెండవ పాలు. ఈ రెండవ పాలే బరువైనది.

శ్రీమద్రామాయణమున యుద్ధకాండమందు ఇట్టి నిరీక్షణమే యొకటి వర్ణింపబడినది. విభీషణుడు నలుగురు అనుచరులతో లంకను విడిచి, సముద్రపు ఉత్తరతీరమున విడిదిచేసిన శ్రీరాముని కడకు వచ్చెను. వచ్చి భూమిపై దిగక ఆకాశముననే నిలిచెను. తాను రావణుని తమ్ముడనని దాచక చెప్పుకొనెను. అన్నకు హితము చెప్పి అవమానము పొందితిననియు, భార్యాపుత్రులను విడిచి రాఘవుని శరణు చొచ్చితిననియు విన్నవించెను. ఆ పిమ్మట క్రింద సభ జరిగినది. సుగ్రీవుడు ఇతడు శత్రువనెను. అంగదుడు పరీక్షింపవలెననెను. శరభుడు చారుని పంపుమనెను. జాంబవంతుడు దేశకాలములు శంకనీయములనెను. మైందుడు మెల్లగా ప్రశ్నింపవలెననెను. హనుమంతుడొక్కడే అతని మాటలో గాని ముఖమున గాని దోషము కానరాదనెను.

ఆ చర్చ నడచుచున్నంతసేపు విభీషణుడేమి చేసెను? ఏమియు చేయలేదు. తన గొప్పలు చెప్పుకొనలేదు. సభ్యులలో ఒకరిని స్తుతించి మంచి చేసికొనలేదు. వెనుక లంక లేదు, ముందు తీరము ఇంకను లభింపలేదు, కాళ్ళక్రింద నేల లేదు. అట్టి స్థితిలో అతడు నిశ్చలుడై నిలిచెను. చెప్పవలసినది సత్యముగా చెప్పితిననియు, వినవలసినవాడు దయాళువనియు అతడెరుగును. ఆగమములు చెప్పిన శరణాగతి యంగములలో కార్పణ్యము, మహావిశ్వాసము అనునవి ఇవియే. శ్రీ వేదాంతదేశికులు ఈ ఘట్టమును పురస్కరించుకొనియే అభయప్రదానసారము అను గ్రంథమును రచించిరి.

శ్రీరాముని తీర్పు సభ్యుల తీర్పులవంటిది కాదు. మిత్రభావముతో వచ్చినవానియందు దోషమున్నను విడువజాలనని ఆ ప్రభువు పలికెను. వచ్చినవాడు రావణుడే యైనను అభయ మిచ్చితిననెను. శంకించిన సుగ్రీవునినే తోడ్కొని రమ్మని ఆజ్ఞాపించెను. ఇచ్చటనే లోకపు వాకిలికిని భగవంతుని వాకిలికిని గల భేదము గ్రహింపవలెను. విద్యాలయమున ఆసనములు పరిమితములు. అచ్చటివారు యోగ్యులనే పెక్కుమందిని కాదనక తప్పదు. ఎంపెరుమానుని సన్నిధిని ఆసనములకు లెక్క లేదు. లోకపు వాకిలి మూసికొన్నంతమాత్రమున అది ఆ బిడ్డ విలువను గూర్చిన తీర్పు కానేరదు. తెరచుకొన్నను అది మోక్షపత్రము కాదు. ప్రవేశమును భగవదనుగ్రహమునకు గురుతుగను, నిరాకరణమును ఆగ్రహమునకు గురుతుగను ఎంచుట స్వామిని ఒక కార్యాలయపు గుమాస్తాగా భావించుటయే యగును.

అట్లయిన ప్రయత్నమేల యని కొందరడుగవచ్చును. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున ఏ కర్మమునకైనను ఐదు హేతువులు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము. భగవద్రామానుజులు తమ భాష్యమున అధిష్ఠానమనగా శరీరమనియు, కర్త జీవాత్మయనియు, కరణములు మనస్సుతో కూడిన కర్మేంద్రియములనియు, చేష్టలు ప్రాణవాయువుల వ్యాపారములనియు, దైవమనగా అంతర్యామియగు పరమాత్మయనియు వివరించిరి. కావున ప్రయత్నము విడువదగినది కాదు. నేనొక్కడనే కర్తననుకొనుటయే విడువదగినది. అట్లనుకొన్నవానికి విజయమున గర్వము, అపజయమున కుంగుబాటు కలుగును. ఇవి రెండును ఒకే వ్యాధికి రెండు లక్షణములు.

ఇక వాయిదా పడినవారి వేదన వేరు. కాదనకయు ఔననకయు మరల నిరీక్షింపుమన్న మాట అన్నిటికంటె కఠినముగా తోచును. అట్టివారు రామానుజుల చరితమును స్మరింపవలెను. తిరుమంత్రార్థమును గ్రహించుటకై ఆ మహనీయుడు శ్రీరంగము నుండి తిరుక్కోట్టియూరునకు, గోష్ఠీపూర్ణుల కడకు, పదునెనిమిది పర్యాయములు నడచెనని గురుపరంపర చెప్పుచున్నది. పలుమారు మరల రమ్మనియే సమాధానము. ఆయన అలుగలేదు, ఆచార్యుని నిందింపలేదు. కడకు లభించిన అర్థమును తన కొరకే దాచుకొనక, ఆర్తితో వచ్చినవారెల్లరకు ఎలుగెత్తి చాటెను. దొరకినదానిని ఎవరికొరకు వినియోగింతుమన్నదే ముఖ్యమని ఆ చరితము బోధించును.

ఈ నిరీక్షణమునకు గోదాదేవి అనుగ్రహించిన తిరుప్పావైని మించిన తోడు లేదు. ముప్పది పాశురముల ఈ దివ్యప్రబంధము ధనుర్మాసమున తిరుమల శ్రీవారి సన్నిధిలో సుప్రభాతమునకు బదులుగా వినిపించును. ముందు మేల్కొన్న గోపిక ఒంటరిగా పరుగెత్తదు. ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు ఇల్లిల్లు తిరిగి తోడివారిని మేల్కొలుపును. తనతో దరఖాస్తు పెట్టిన సహాధ్యాయిని పోటీదారుగా చూచి లోలోన దహించుకొనిపోవు బాలునికి ఇంతకంటె మందు లేదు. ప్రక్కవానికి చోటు దొరకినపుడు మనసార సంతోషింపగలిగిన బిడ్డ ఏ విద్యాలయమును నేర్పజాలని పాఠమును నేర్చినట్లే.

పదునారవ పాశురమున గోపికలు నందగోపుని ద్వారముకడ నిలిచి, కాదనవలదని ద్వారపాలకుని వేడుదురు. వారు వచ్చినది నోమునకు వలయు పర అను వాద్యము కొరకు. కాని ఇరువదితొమ్మిదవ పాశురమునకు వచ్చునప్పటికి తాము కోరినది ఆ వాద్యము కాదనియు, ఏడేడు జన్మలకును స్వామితోడి సంబంధమును, ఆయన కైంకర్యమును మాత్రమే కోరుదుమనియు విన్నవింతురు. తక్కిన కోరికలను మరల్చుమని ప్రార్థింతురు. వాకిట నిలిచినంతసేపటిలో వారి కోరికయే పండినది. నిరీక్షణమునకు ఇదియే పరమఫలము.

కావున అట్టి గృహస్థులు ఆచరింపదగిన దొకటి గలదు. మ్రొక్కును బేరముగా చేయరాదు. చోటు దొరకినచోనే తిరుమలకు వత్తుమనుట భక్తి కాదు. నిర్ణయము తెలియక మునుపే తండ్రి బిడ్డను చేరదీసి, ఔనన్నను కాదన్నను ఈ యింట నీ చోటు మారదని నోరారా చెప్పవలెను. శ్రీరాముడు విభీషణునకు ఇచ్చిన అభయములో ఒక బిందువైనను తండ్రి తన బిడ్డకు ఈయలేకున్న, నిత్యము రామాయణము పారాయణము చేసి ఫలమేమి? తల్లి ఆ దినమున ధనుర్మాసపు పొంగలిని వండి, స్వామికి నివేదించి, తెర తెరువక మునుపే అందరకు పెట్టవలెను. ఆ ప్రసాదము ఎవరి ఎంపికకును ముడివడినది కాదు.

తెర తెరచినపుడు ఏ మాట కనబడినను ఆ యింటి బిడ్డ ముందుగా తల్లిదండ్రుల ముఖమునే చూచును. ఆ ముఖమున ప్రసన్నత నిలుపు బలమును, ఆశించినది అందనివారికి వేరొక మార్గము కానవచ్చు చూపును, అందినవారికి వినయమును అలర్మేల్మంగా సమేతుడైన శ్రీనివాసుడు ప్రసాదించు గాక!