వెనక నిలబడ్డ మనిషి

ఈమధ్య పిస్టల్ కొనుక్కున్న మిత్రుడొకడు షోల్డర్ హోల్‌స్టర్, అంటే భుజాలకి తగిలించుకునే తోలు ఒర, ఎంచుకోడానికి నన్ను తోడు తీసుకెళ్ళాడు. మేముండే టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, చట్టపరమైన అడ్డు లేకపోతే, 21 ఏళ్ళు నిండినవాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు.

ఈ ఒరలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో పిస్టల్ చంక కింద అడ్డంగా ఉంటుంది. తీయడం తేలిక, కానీ దాని మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. రెండోదాంట్లో మూతి నేలవైపు ఉంటుంది, గొట్టం పొడవైతే కోటు కింద దాచడం కష్టం.

మావాడికి మొదటిదే నచ్చింది. "ట్రిగ్గర్ మీద తోలు కప్పి ఉంటుంది, దానంతటది పేలదు," అన్నాడు. నిజమే. కానీ కాల్చదల్చుకోని దేనివైపూ మూతి తిప్పొద్దనేది కూడా తుపాకి పట్టేవాళ్ళు మొదట నేర్చుకునే సూత్రమే కదా! అతను అద్దంలో చూసుకుంటుంటే నేను వెనకే ఉన్నాను. ఒరలో ఉన్నది ప్లాస్టిక్ నమూనా. అయినా పక్కకి జరిగాను.

నాకు తెలుసు కాబట్టి జరిగాను. రేపు కిరాణా కొట్టు క్యూలో అతని వెనక నిలబడేవాళ్ళకి తెలీదు. ప్రాణభయంతో ఆయుధం పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. ప్రమాదం చాలా చిన్నదనీ ఒప్పుకుంటాను. కానీ అది చిన్నదని వాళ్ళ తరఫున కూడా మనమే తేల్చేయొచ్చా?