గెంటించుకున్నవాడు

పెంటపాడులో పొద్దుగూకాక కాలవ గట్టున నడుస్తుంటే, తూలుతూ ఎదురొచ్చే మనిషి ఒక్కడైనా తగుల్తాడు. మనం సైకిలు పక్కకి తిప్పుకుంటాం. తెల్లారి అతనే పొలం పనికొస్తాడు. మన మొహంలోకి మాత్రం చూడడు.

ఆ దించుకున్న తల చూస్తే నాకు డేవిడ్ విల్కర్సన్ గుర్తొస్తాడు. అమెరికాలో, పెన్సిల్వేనియాలోని ఫిలిప్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పాస్టరాయన. రాత్రిళ్లు టీవీ ముందు గడిపేవాడల్లా, దాన్ని అమ్మేసి ఆ వేళ ప్రార్థనకి కూర్చోవడం మొదలెట్టాడు. అలాంటి ఓ రాత్రి, 1958లో, హత్యకేసు విచారణలో నిలబడ్డ ఏడుగురు కుర్రాళ్ల బొమ్మ లైఫ్ పత్రికలో కనబడింది. వాళ్లతో మాట్లాడదామని న్యూయార్క్ వెళ్లాడు. కోర్టులో జడ్జిని పలకరించబోతే పట్టుకుని బయటికి గెంటేశారు. చేతిలో బైబిలుతో ఉన్న ఫొటో పేపర్లకెక్కింది. పాస్టరుకి అంతకన్నా తలవంపు ఏముంటుంది?

ఆ ఏడుగుర్నీ కలవడం కుదరనేలేదు. కానీ వీధి ముఠాల కుర్రాళ్లు ఆ ఫొటోని బట్టి ఆయన్ని పోల్చుకున్నారు. పోలీసులకి గిట్టనివాడంటే మనవాడేగా అనుకున్నారు. వాళ్లలో ఒకడు, మొదట చంపుతానని మీదికొచ్చిన నికీ క్రూజ్, తర్వాత తనే సువార్తికుడయ్యాడు. బ్రూక్లిన్‌లో మత్తు మానాలనుకునేవాళ్ల కోసం టీన్ ఛాలెంజ్ పేరుతో ఓ ఇల్లు వెలిసింది. హెరాయిన్ అందక ఒళ్లు మెలితిరిగే రాత్రుల్లో, అక్కడ పక్కన ఒకరు కూర్చుని ఉండేవారు.

ఇక్కడ నాకో పేచీ ఉంది. ఏళ్లతరబడి తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆ రాత్రి పాస్టరుగారితోపాటు డాక్టరుగారూ ఉండాలి. ప్రార్థన చాలని పంపేస్తే నేనొప్పుకోను.

మనం తాగుడు మీద చట్టమూ చేసి చూశాం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలెట్టిన పోరుతో 1993లో సారా ఆగింది, 1995లో మద్యమంతా ఆగింది, 1997లో మళ్లీ తలుపులు తెరిచారు. దుకాణం మూసినా తెరిచినా, మానాలనుకున్నవాడి తొలి మూడు రాత్రులూ పెళ్లామే మేలుకుని కాసింది.

విల్కర్సన్ 2011లో టెక్సాస్‌లో కారు ప్రమాదంలో పోయాడు. ఇక్కడ మన ఊళ్లో ఆదివారం ఆరాధనకి ఆడవాళ్లూ పిల్లలూ లోపలికెళ్తే, ఒకరిద్దరు మగాళ్లు నోరు వాసనొస్తుందని గోడవారనే ఆగిపోతారు. వాక్యం కిటికీలోంచే వింటారు.